నాన్న చేతిలో క్రీమ్ గులాబీ

మా చిన్నప్పుడు... ఈస్టర్‌కి ముందురోజు మధ్యాహ్నం, కొడవలూరులో మా ఇంటి వరండాలో అమ్మ ఒక గిన్నె ముందు కూర్చుని ఏడుస్తోంది. గిన్నెలో బటర్‌క్రీమ్... క్రీమ్ అనడానికి కూడా లేదు, మజ్జిగలా కారిపోతోంది.

మర్నాడు చర్చిలో సండే స్కూల్ పిల్లలందరికీ గులాబీ పువ్వున్న కప్ కేకులు పెడతానని అమ్మ అందరి ముందూ ఒప్పుకుంది. టీవీలో వంటల ప్రోగ్రాం చూసి తెచ్చుకున్న ధైర్యం అది. కేకులు బాగానే వచ్చాయి. కుక్కర్‌లో ఇసుక పోసి, కాగితపు కప్పుల్లో పిండి పోసి, విడతలు విడతలుగా కాల్చింది. ఇల్లంతా వెనిల్లా వాసన... తీరా వెన్న, పంచదార పొడి గిలక్కొట్టి పువ్వులు వేద్దామనేసరికి కరెంటు పోయింది. మా నెల్లూరు ఎండ సంగతి మీకు తెలుసు కదా! పాల కవర్లో క్రీమ్ నింపి నొక్కితే రేకు నిలబడదు... కేకు మీద మరకలా పరుచుకుంటుంది.

నాకు తొమ్మిదేళ్లుంటాయి. నేనూ ఒక పువ్వు వేశాను. మా నాయనమ్మ వంగి చూసి, "ఏందే అది, కోడి రెట్ట ఏసినట్టుంది" అంది. దాంతో నేనూ ఏడుపు అందుకున్నాను.

సరిగ్గా అప్పుడే నాన్న వచ్చాడు. రైస్ మిల్లు లారీ నడిపేవాడు. వంటింట్లో గ్లాసు ఎక్కడుంటుందో తెలియని మనిషి... టీ కావాలంటే వరండాలోంచి కేకెయ్యడమే. గిన్నె చూశాడు, అమ్మను చూశాడు, సైకిలెక్కి వెళ్లిపోయాడు.

"చూసినావా మీ నాయన్ని... అయ్యో అని కూడా అన్లేదు" అని అమ్మ ఇంకా ఏడ్చింది.

కాసేపటికి తిరిగొచ్చాడు. చేతిలో తడిసిన గోనెసంచి... అందులో చేపల బండి దగ్గర తెచ్చిన ఐసు గడ్డ! దాన్ని పగలగొట్టి బేసిన్‌లో వేసి, ఉప్పు చల్లి, క్రీమ్ గిన్నెను అందులో కూర్చోబెట్టాడు. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కొచ్చి గరిటె తిప్పడం మొదలుపెట్టాడు. అమ్మా నేనూ నోళ్లు తెరుచుకుని చూస్తున్నాం.

క్రీమ్ గట్టిపడింది. ఒక సోడా మూతకు మేకు దిగ్గొట్టి, మూత మీద చిన్న కాగితం ముక్క అంటించాడు. పాల కవరు కొసను కత్తెరతో ఏటవాలుగా కోశాడు. ఎడమచేతి వేళ్ల మధ్య మేకును తిప్పుతూ, కుడిచేత్తో కవరు నొక్కుతూ... ముందు మధ్యలో మొగ్గ. దాని చుట్టూ ఒక రేకు... ఇంకో రేకు...

మేం చూస్తుండగానే గులాబీ విచ్చుకుంది!

స్టీరింగ్ పట్టి పట్టి కాయలు కాసిన చేతులు అవి. అమ్మ ఏడుపు ఎప్పుడు ఆగిందో అమ్మకే తెలియదు.

"ఏందయ్యా ఇది... యాడ నేర్చుకున్నావు?"

వెనక నుంచి వెక్కిళ్లు వినిపించాయి. నాయనమ్మ... నోటికి పైట అడ్డం పెట్టుకుని, "మళ్లీ పట్టుకున్నావా నాయనా..." అంటోంది.

అప్పుడు బయటపడింది. పెళ్లికి ముందు నాన్న మద్రాసులో ఒక బేకరీలో పనిచేశాడట. పెళ్లి కేకుల మీద పూలు వేసేది ఆయనేనట. ఆ రోజుల్లోనే ఇక్కడ ఊళ్లో ఆయన తమ్ముడు కాలవలో మునిగి చనిపోయాడు. కబురు అందుకుని నాన్న వచ్చేసరికి సమాధి కూడా అయిపోయింది. ఇక మద్రాసు వెళ్లలేదు. ఆ పని సంగతి ఎవరితోనూ ఎత్తొద్దని నాయనమ్మ దగ్గర మాట తీసుకున్నాడు.

నాకు ఒక బాబాయి ఉండేవాడని తెలిసింది ఆ రోజే. మరిది చనిపోయాడని అమ్మకు తెలుసు... మద్రాసు సంగతే తెలియదు.

"ఇన్నేళ్లు కాపురం చేసినాను... ఒక్క మాట చెప్పలేదే నాకు?" కోపంగా కాదు... దిమ్మెరపోయి అడిగింది.

నాన్న గులాబీని కాగితంతో సహా పళ్లెంలో పెట్టి, తలెత్తకుండానే అన్నాడు. "వాడు నీళ్లల్లో పోయిన పొద్దు, నేనాడ ఎవరి పెళ్లి కేకుకో పూలు ఏస్తా, పాట పాడుకుంటా ఉన్నా. ఇంక ఆ పని ఎట్ట పట్టుకునేది?"

"మరి ఈ పొద్దెందుకు పట్టినావు?"

"నువ్వు ఏడస్తా ఉంటే ఏం చెయ్యమంటావు..."

అమ్మ కళ్లు తుడుచుకుని, కాగితం ముక్కలు కత్తిరించి ఒక్కొక్కటే అందించింది. నాన్న నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నా చేతి మీద చెయ్యి వేసి, "కవరు గట్టిగా పిసకబాక పాపా... మేకు తిప్పతా ఉండు, రేకు అదే వస్తాది" అన్నాడు. నా మొదటి గులాబీ ఉల్లిపాయలా వచ్చింది. పారేయబోతుంటే లాక్కుని నోట్లో వేసుకున్నాడు. "వెన్న బాగుంది" అన్నాడు. ఆ మధ్యాహ్నం నాయనమ్మ నవ్వింది అప్పుడే.

మర్నాడు చర్చిలో, "ఈ పూలు ఎవరేసినారక్కా?" అని అందరూ అమ్మను చుట్టుకున్నారు. వెనకాల నిలబడ్డ నాన్నను అమ్మ చూపించింది. "పోక్కా, ఎగతాళికి అంటావు" అని నవ్వారు. అమ్మ నవ్వలేదు. "ఆయనే ఏసినాడు" అంది మళ్లీ. ఒక్కొక్కరే వెనక్కి తిరిగి చూశారు... నాన్న గబుక్కున చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత ప్రతి పండక్కీ పూలు నాన్నే వేశాడు. వేస్తూ వేస్తూ బాబాయి కబుర్లు చెప్పేవాడు... వాడి ఈలలు, వాడి అల్లరి. నాన్న మాటల్లోనే ఆ బాబాయి నాకు దగ్గరయ్యాడు.

ఇప్పుడు నాన్న లేడు. నెల్లూరులో నా వంటింట్లో క్రీమ్ నొక్కే స్టీలు నాజిళ్ల సెట్టుంది, ఫ్రిజ్ ఉంది. ఫోన్ తెరిస్తే పూలు వేయడం నేర్పే వీడియోలు ఎన్నో. ముక్కూమొహం తెలియని వాళ్లు పొద్దున ఏం తిన్నారో కూడా మనకు తెలిసిపోతోంది... పక్క గదిలో మనిషి మనం పుట్టకముందు ఏం చేసేవాడో మాత్రం తెలియదు.

మీ ఇంట్లోనూ ఎవరైనా ఇలా ఉన్నట్టుండి కొత్త మనిషిలా కనిపించారా? కింద రాయండి... ఇంకా అడిగే వీలుంటే, రాసే ముందు వాళ్లను ఒకసారి అడగండి.