చెక్‌పోస్టు దాటిన గోదావరి

నా చిన్నప్పుడు మా బడిలో అస్తమానం గుజరాత్ పటం గీయించేవారు. సూరత్‌లో గుజరాతీ మీడియంలో చదివే పిల్లని కాబట్టి ఆ పటం నాకు కళ్ళు మూసుకున్నా వచ్చేది. రాష్ట్రమంతా పచ్చరంగు, సముద్రం నీలం, సరిహద్దు ఒక నల్లగీత. ఆ గీత దాటితే ఇంకేమీ లేదు, ఉత్త తెల్లకాగితం. మా తాపీ నది కూడా ఆ నల్లగీత దగ్గరే మొదలై, సూరత్ మీదుగా వచ్చి సముద్రంలో కలిసేది. నది అక్కడే పుట్టిందని నేను గట్టిగా నమ్మాను. మా అమ్మ పుట్టిన ఊరు ఆ తెల్లకాగితంలో ఎక్కడో ఉండాలి. ఎక్కడని ఎవరినీ అడగాలని కూడా నాకు తోచలేదు.

నాన్నను మేము బాపు అనేవాళ్ళం. మా బాపు పవర్‌లూమ్ కార్ఖానాలో మగ్గాలు నడిపేవాడు. పెళ్ళయిన కొత్తలోనే అమ్మను వెంటబెట్టుకుని ధర్మపురి దగ్గరి పల్లె నుంచి సూరత్ వచ్చేశాడు. అమ్మకు ఈ ఊరు ఎప్పుడూ అచ్చిరాలేదు. తాపీ ఒడ్డుకు నన్ను తీసుకుపోయినప్పుడల్లా నీళ్ళవంక చూసి నవ్వేది. "మా గోదారి పొద్దు పొడిచే దిక్కు పోతది. గిదేందో పొద్దు గూకే దిక్కు పోతది. జర ఎడ్డి నదే గిది" అనేది. ఇప్పటికీ ఆ నవ్వు నాకు వినబడుతుంది.

ఒక వానాకాలం అమ్మకు కామెర్లు ముదిరాయి. బిడ్డకు సేవ చేసుకుందామని మా అమ్మమ్మ ఒక్కతే రైలెక్కి వచ్చింది. ఆమె వచ్చిన వారానికే అమ్మ పోయింది. తాపీ ఒడ్డున దహనం చేసి, అస్థికలు చిన్న కుండలో పెట్టి గుడ్డ కట్టి, గల్లీ చివర వేపకొమ్మకు వేలాడదీశారు. బడికి పోవాలంటే ఆ కొమ్మ కిందినుంచే పోవాలి. నేను బడి మానేశాను, ఎవరూ ఎందుకని అడగలేదు.

అస్థికలు తాపీలో కలపడానికి అమ్మమ్మ ఒప్పుకోలేదు. "నా బిడ్డను గీ పరాయి నీళ్ళల్ల కలిపితే తొవ్వ తప్పుతది. అది మన దేశం చేరేదాక నేను మెతుకు ముట్ట" అని గోడకు ఆనుకుని కూర్చుంది. ఆమెకు దేశమంటే గోదావరి ఒడ్డున ఉన్న తన ఊరు, దాని చుట్టుపక్కల నాలుగు ఊళ్ళు. మా పంతులమ్మ మాత్రం ఇదంతా ఒకే దేశమని చెప్పేది. ఇద్దరిలో ఎవరిది నిజమో నాకు తెలిసేది కాదు. ఊరికి పోదామంటే వానలకు పైన ఎక్కడో పట్టాలు కొట్టుకుపోయి రైళ్ళు ఆగిపోయాయి. పదోరోజు దగ్గరపడుతోంది. అమ్మమ్మ గొంతు తడుపుకోవడానికి తప్ప నోరు తెరవడం లేదు. ఈ ఇంటి నుంచి ఇంకో శవం లేస్తుందని ఇరుగుపొరుగు గుసగుసలాడుకోవడం నేను విన్నాను. ఆ భయంతో ఆమె కొంగు పట్టుకునే పడుకునేదాన్ని.

మా వరుసలో చివరి ఇంట్లో, రైలు గార్డుగా చేసి రిటైరైన ఒక తాతయ్య ఉండేవారు. కృష్ణా జిల్లా మనిషి. మా యాస విని మురిపెంగా వెక్కిరించేవారు, మేము ఆయన యాసను వెక్కిరించేవాళ్ళం. ఆ రోజు ఆయన వచ్చి, నా పటం తెమ్మన్నారు. దాన్ని నేలమీద పరిచి, పక్కన రెండు వార్తాపత్రికలు ఒకదాని అంచుకు ఒకటి ఆనించి పరిచారు. పెన్సిల్ తీసుకుని నా నల్లగీతకు కాస్త అవతల ఒక చుక్క పెట్టి, ఇది నాసిక్ అన్నారు. గోదావరి పుట్టింది ఈ పక్క కొండల్లోనే అన్నారు. ఆ చుక్క నుంచి పెన్సిల్‌ను పత్రికల మీదుగా వంకరటింకరగా నడిపించుకుంటూ వచ్చి, సరిగ్గా అమ్మమ్మ కాళ్ళ దగ్గర ఆపారు. "ఇది మీ ఊరమ్మా" అన్నారు.

అమ్మమ్మ వంగి ఆ గీత మీద వేలు పెట్టింది.

"గది మరాఠోళ్ళ దేశం గద సారూ. మా గోదారి ఆడ పుట్టుడేంది?"

"మీ అమ్మాయి మీ ఊళ్ళో పుట్టి ఇక్కడ కాపురం చెయ్యలేదా అమ్మా? నదీ అంతే. నీరు పల్లమెరుగు అన్నారు. అక్కడ వదిలిపెడితే మీ ఊరికి తనే వస్తుంది. దారి మనం చెప్పక్కర్లేదు."

అమ్మమ్మ నమ్మలేదు, కానీ కాదనలేదు. ఆ నీళ్ళు తెచ్చి చూపిస్తే అప్పుడు చెప్తానంది. ఆమెను పక్కింటి అక్కకు అప్పగించి, మర్నాడు తెల్లవారి బాపు, రైలు తాతయ్య, నేను బస్సెక్కాం. కుండ బాపు ఒడిలో ఉంది. దారంతా ఘాట్‌రోడ్డు, వాన. సరిహద్దు వచ్చిందని తాతయ్య చెప్పగానే నేను కిటికీలోంచి తల బయటపెట్టి నల్లగీత కోసం వెతికాను. అడ్డంగా ఒక వెదురు గడ, ఒక టీ కొట్టు, అంతే. గడ్డి రెండు వైపులా ఒకే పచ్చగా ఉంది, వాన రెండు వైపులా కురుస్తోంది. బడిలో ఇన్నాళ్ళూ నన్ను మోసం చేశారని కోపం వచ్చింది.

నాసిక్‌లో గోదావరి ఎర్రగా పొంగి పారుతోంది. అమ్మ పోయినప్పుడు కూడా ఏడవని బాపు, కుండ నీళ్ళలో వదిలి అలాగే మెట్ల మీద కూలబడి ఏడ్చాడు. నేను ఆయన వీపు మీద చెయ్యి వేసి నిలబడ్డాను, ఇంకేం చేయాలో తెలియక. తాతయ్య ఒక గాజుసీసా నిండా నీళ్ళు పట్టారు.

తిరిగి వచ్చేటప్పుడు అదే వెదురు గడ దగ్గర బస్సు ఆపారు. గుజరాత్‌లో మద్యం నిషేధం కదా, అవతలి నుంచి వచ్చే ప్రతి సంచీ తడిమి చూస్తారు. పోలీసాయన మా సంచిలోంచి సీసా తీసి పైకెత్తాడు. లోపల ఎర్రమట్టి నీళ్ళు. ఏమిటిదని గద్దించాడు. ఆయన బిరడా తీసి వాసన చూడబోతుంటే నేనే లేచి గుజరాతీలో అన్నాను: "అందులో మా అమ్మ ఉంది."

ఆయన ఆగిపోయాడు. బాపు గుండు, నా మొహం చూశాడు. బిరడా మళ్ళీ గట్టిగా బిగించి, సీసాను తన చొక్కా చేతితో తుడిచి, రెండు చేతులతో నాకు అందించాడు. "సాచవీనే లై జా, బేటా" అన్నాడు. జాగ్రత్తగా తీసుకుపో అని. ఇంకెవరి సంచీ ముట్టకుండా కిందికి దిగి గడ ఎత్తించాడు. ఆ సీసాను ఇంటిదాకా గుండెకు హత్తుకునే కూర్చున్నాను.

అమ్మమ్మ అరచేతిలో కాసిని నీళ్ళు పోసుకుంది. వాసన చూసింది, నాలుకకు తాకించుకుంది. "మా మన్ను వాసననే" అని, ఆ చెయ్యి నెత్తిన రాసుకుని మొదటిసారి గొల్లుమని ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, చివరికి "ఇంత బువ్వ పెట్టు బిడ్డా" అంది. ఆ ఇంట్లో అన్నం వడ్డించడానికి ఇక నేనే మిగిలానని కంచం తీసినప్పుడు తెలిసింది.

ఆ తరువాతి ఎండాకాలం అమ్మమ్మ ఊరికి పోయాను. ఆమె నన్ను గోదావరిలోకి దించి, మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, "మీ అమ్మ అచ్చింది బిడ్డా, అప్పటి వానలకే అచ్చింది" అని చెప్పింది. నేను నీళ్ళలో చేతులు పెట్టి చాలాసేపు కూర్చున్నాను. అమ్మ తగల్లేదు. ఆ మాట అమ్మమ్మకు ఎన్నడూ చెప్పలేదు.

ఇప్పుడు నాకు అరవై దాటాయి. అమ్మ ఊరు ఉన్న రాష్ట్రానికి ఈ మధ్యలో పేరు మారింది, గీతలు మారాయి. గోదావరి మాత్రం ఆ దారినే పోతోంది. నేను సూరత్‌లోనే పెరిగి, కాపురం చేసి, ముసలిదాన్నయ్యాను. నన్ను తాపీలోనే కలపమని పిల్లలకు చెప్పేశాను, నా ఊరు ఇదే కాబట్టి. చెప్పిన రోజు రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. నేను పొద్దు గూకే దిక్కుకు, అమ్మ పొద్దు పొడిచే దిక్కుకు. ఇక మేము కలిసేదెక్కడ?

మొన్న నా మనవడు దేశపటానికి రంగులు వేస్తున్నాడు. వాడి పెన్సిల్ అడిగి తీసుకుని, సూరత్ దగ్గర తాపీ సముద్రంలో కలిసేచోట మొన ఆనించాను. అక్కడి నుంచి నీలం మీదుగా, దక్షిణం కొస చుట్టి, గోదావరి కలిసేచోటుదాకా గీత గీశాను. పటం పాడుచేశావని వాడు అలిగాడు. రైలు తాతయ్య ఉంటే ఆ గీత ఆయనే గీసి పెట్టేవారు.