నలభై ఎనిమిది అంగుళాలు, ఒక నూలు

నా చిన్నప్పుడు పలమనేరులో గుర్రప్పందేలు జరిగేవంటే మా మనవలు నమ్మరు. నగరాల్లో ఉండే రేసుకోర్సు లాంటిది కాదు. కోతలయ్యాక ఊరి బయట మైదానంలో సున్నంతో గీతలు గీసి పరుగు పెట్టేవాళ్లు. పరిగెత్తేవి జట్కాలకు కట్టే జాతి పొట్టి గుర్రాలు. అయినా వాటిని ఏడాది పొడుగునా తయారు చేసేవాళ్లుండేవారు. ఒక కమిటీ ఉండేది, అచ్చువేసిన రూళ్లుండేవి, ఏటా ఆ రూళ్ల మీద గొడవా ఉండేది.

మా మేనమామ అలా ఒక గుర్రాన్ని తయారు చేసినవాడు. పోయిన నెల ఆయన కాలం చేశాడు. తొంభై దాటినవాడు కదా, నిండు జీవితం అన్నారు వచ్చినవాళ్లంతా. ఆ మాటతో నాకు పెద్ద ఊరట కలగలేదు. ఆయన్ను తలుచుకోవడానికి పెద్ద మాటలు నాకు రావు. ఒక్క రోజు జరిగింది మాత్రం ఉన్నదున్నట్టు చెప్పగలను.

అప్పుడు నాకు పదేళ్లు. పలమనేరులో బడి ఉందని నన్ను ఊరి చివర ఉన్న మా మామ ఇంట్లో ఉంచారు. ఆయన జట్కా తోలేవాడు. ఆ ఏడు ఒక రైసుమిల్లు ఆసామి తన ఆడగుర్రాన్ని ఆయనకు అప్పగించాడు. గోధుమరంగు గుర్రం, నుదుట తెల్ల మచ్చ. మామ దానికి ఉలవలు ఉడకబెట్టి పెట్టాడు, తెల్లవారకముందే లేచి నడిపించాడు, కాళ్లకు నూనె మర్దన చేశాడు. ఆయన ఆశ ఒక్కటే. ఈ గుర్రం బాగా పరిగెత్తితే ఆసామి తన మిగతా మూడు గుర్రాలనూ ఇస్తాడు. జట్కా మానేసి పందెపు గుర్రాల పనే చేసుకోవచ్చు. ఆసామి కూడా దాపరికం లేకుండానే చెప్పాడు, చిన్న తరగతిలో పరిగెత్తి గెలవకపోతే దీన్ని బండికి అమ్మేస్తానని.

చిన్న తరగతి అంటే ఎత్తు తక్కువ గుర్రాల పందెం. మూపు దగ్గర, అంటే మెడా వీపూ కలిసే చోట, నలభై ఎనిమిది అంగుళాలు మించకూడదు. మించితే పెద్ద తరగతిలో పొడవు కాళ్ల గుర్రాలతో పరిగెత్తాలి. మా గుర్రం సరిగ్గా ఆ అంచున ఉంది. కొందరు ఇంటి దగ్గరే గుర్రం మూపు మీద కొలిచేటప్పటిలా కర్ర ఆనించి సూదితో గుచ్చేవాళ్లు. పది రోజులు అలా చేస్తే కర్ర తగలగానే గుర్రం వీపు కుంగదీస్తుంది, కొలతలో అర అంగుళం తగ్గుతుంది. మామ ఆ పని చేయలేదు. ధర్మమని కాదు. అలా గుచ్చిన గుర్రం బెదురు నేర్చుకుంటుంది, పరుగులో పనికిరాదు అనేవాడు.

ఆయనకు చదువు రాదు. సంత ఆవరణ గోడకు అంటించిన రూళ్ల కాగితాన్ని నాతో మూడుసార్లు చదివించుకున్నాడు. కొలత కాళ్ల నాడాలు తీసేసి, గుర్రానికి ఎడమవైపు నిలబడి తీస్తారు. కొలిచేది ఒక్కసారే. కమిటీ మాటే ఆఖరు. మూడోసారి చదివాక, ‘ఇంకేమీ లేదు గదా పాపా?’ అని అడిగాడు. లేదన్నాను.

కొలతలు సంత ఆవరణలో పరిచిన రాతిబండల మీద జరిగేవి. నిలువు కొలకర్ర పక్కన నిలబెట్టి, దాని అడ్డపట్టీ మూపుకు ఆనించి కొలిచేది కమిటీ కార్యదర్శి. రిటైరైన డ్రాయింగు మాస్టారు, గీత వంకర పోతే ఒప్పుకోని మనిషి. ఊళ్లోవాళ్ల గుర్రాలు ఆవరణ లోపలి కొట్టాల నుంచి వచ్చి బండ మీద రోడ్డు వైపు ముఖం పెట్టి నిలబడేవి. పొరుగూళ్ల నుంచీ ఊరి చివర నుంచీ వచ్చినవి రోడ్డు గేటులోంచి వచ్చి లోపలి వైపు ముఖం పెట్టి నిలబడేవి. అది ఎవరూ పట్టించుకున్న సంగతి కాదు.

మాకు ముందు కుప్పం వైపు నుంచి వచ్చిన ఒక ముసలి సాయిబు గుర్రాన్ని కొలిచారు. చూడడానికి మా దానికంటే పొట్టిది. కర్ర మీద నలభై ఎనిమిదిన్నరకు కాస్త తక్కువగా వచ్చింది. ‘మూడేండ్లాయె సామీ, ఏటా ఇదే మాట చెప్తాండారు’ అని ఆయన గుర్రాన్ని తోలుకుని వెళ్లిపోయాడు. తరవాత మాది. నలభై ఎనిమిదిన్నర. మాస్టారు పలక మీద ‘పెద్ద తరగతి’ అని రాయబోయాడు.

మామ కదల్లేదు. ఆయన కర్రను చూడలేదు, గుర్రం కాళ్లను చూస్తున్నాడు. గుర్రం ఎడమ కాళ్ల మీద బరువు వేసి నిలబడి ఉంది. రోజూ దాని కాళ్లు పిసికిన మనిషికి ఆ నిలబడే తీరులో తేడా తెలిసింది. పక్కనున్న తొట్టిలోంచి చెంబుడు నీళ్లు ముంచి గుర్రం కడుపు కింద బండ మీద పోశాడు. నీళ్లు అక్కడ నిలవలేదు. ఎడమవైపుకు, మాస్టారు కర్ర మొదలు దాకా పారి అవతల కాలవలో పడ్డాయి.

‘బండ వాలుండాది సామీ. నీ కర్ర పల్లంలో నిలబడుండాది.’

‘వానకు నీళ్లు పోవాలని వాలు పెడతారప్పా. ఇన్నేండ్లూ ఈడే కొలిచినాం.’

‘గుర్రాన్ని తిప్పి నిలబెడతా. రాయొద్దు, ఊరికే కర్ర ఆనించి సూడు.’

మాస్టారు ఒప్పుకోవలసిన పని లేదు. అయినా ఆయనలోని డ్రాయింగు మాస్టారు ఊరుకోలేదనుకుంటాను. మామ గుర్రాన్ని రోడ్డు వైపు తిప్పాడు. ఇప్పుడు దాని ఎడమ పక్క మెరక వైపు వచ్చింది. మాస్టారు కర్ర ఆనించి, వంగి చూసి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. నలభై ఏడు ముక్కాలు. అదే గుర్రం, అదే కర్ర, అదే బండ. ముక్కాలు అంగుళం తేడా.

చుట్టూ ఉన్న జనం ఒక్కసారిగా మాట్లాడడం మొదలుపెట్టారు. అంటే ఇన్నేళ్లూ లోపలి నుంచి వచ్చిన గుర్రాలు పొట్టివయ్యాయి, రోడ్డు మీద నుంచి వచ్చినవి పొడుగువయ్యాయి. ఎవరూ కావాలని చేసింది కాదు. అయినా జరిగింది అదే. మాస్టారు ముఖం ఎర్రబడింది. గొంతు తగ్గించి అన్నాడు, ‘సరే అబ్బా, ఈ కొలతే రాసుకుంటా. చిన్న తరగతిలో పేరిచ్చుకో, పో.’

ఆసామి మామ మోచెయ్యి పట్టుకుని, ‘ఇంకేం, పద’ అన్నాడు. నేను ఎగిరి గంతేశాను కూడా.

‘అదీ తప్పే సామీ’ అన్నాడు మామ. ‘అప్పుడు పల్లంలో ఉండె, ఇప్పుడు మెరక మీద ఉండాది. సమంగా ఉండే చోట కొలువు.’

నాకు ఆ మాట అర్థం కాలేదు. మామకు పిచ్చి పట్టిందనుకున్నాను. ఆసామి చెయ్యి వదిలేశాడు. కమిటీవాళ్లలో ఒకరు, అప్పటికి కొలిచిన గుర్రాలన్నీ మళ్లీ కొలవాలా అని అరిచారు. వెనక నుంచి ఎవరో, ‘గుర్రాన్ని ఇంటికి తోలుకుపోయి బండను పందేనికి దించప్పా!’ అన్నారు. నవ్వులు. మామ నవ్వలేదు, కోప్పడలేదు. గుర్రాన్ని బండ మీదే పట్టుకుని నిలబడ్డాడు. అది కదిలితే తప్ప ఇంకో గుర్రాన్ని కొలవడానికి లేదు. కమిటీవాళ్లు పందేల నుంచి పేరు కొట్టేస్తామన్నారు.

‘నా పేరు కొట్టెయ్యండి సామీ. బండను మాత్రం సరిచెయ్యండి.’

గంటకు పైగా అలాగే నిలబడ్డాడు. ఎండ నెత్తి మీదికి వచ్చింది. గుర్రం తోకతో ఈగలు తోలుకుంటోంది. నేను నీళ్లు తెచ్చిస్తే ముందు గుర్రానికి పట్టి తరవాత తాగాడు. చివరికి మాస్టారే లేచి, సంత పక్కన గోడ కడుతున్న మేస్త్రీని పిలిపించాడు. మేస్త్రీ గడ్డపారతో బండ అంచు లేపి, కింద కంకరా ఇసుకా కూరి, పైన రసమట్టం పెట్టాడు. లోపలి బుడగ నడిమికి వచ్చిందాకా లేపాడు, దించాడు, మళ్లీ లేపాడు. బండ మీద చెంబుడు నీళ్లు పోస్తే ఏ వైపూ పారకుండా నిలిచాయి.

మేస్త్రీ పని చేస్తుండగానే మామ గుర్రాన్ని నీడలో కట్టేసి కుప్పం రోడ్డు మీద పరుగులాంటి నడకతో వెళ్లాడు. సాయిబు మైలు దూరంలో ఒక చెట్టు నీడన ఎండ తగ్గేదాకా ఆగి ఉన్నాడట. ఇద్దరూ గుర్రంతో తిరిగి వచ్చేసరికి కొలతలు మళ్లీ మొదలయ్యాయి. సాయిబు గుర్రం నలభై ఎనిమిదికి ఒక నూలు తక్కువ వచ్చింది. మేస్త్రీలు అంగుళాన్ని ఎనిమిది నూళ్లుగా లెక్కపెడతారు, ఒక నూలంటే దానిలో ఎనిమిదో వంతు. సాయిబు దాని మెడ నిమిరాడు. చిన్న తరగతిలో పేరివ్వడానికి దాన్ని తోలుకుపోయాడు.

మా గుర్రం నలభై ఎనిమిది మీద ఒక నూలు వచ్చింది.

మాస్టారు మామ వైపు చూశాడు. ఇంకోసారి కొలవమంటాడని ఎదురుచూసినట్టుంది. మామ తలూపి, ‘రాసుకో సామీ’ అన్నాడు. ఆ మధ్యాహ్నం గుర్రాన్ని పెద్ద తరగతిలో దించాడు. పొడవు కాళ్ల గుర్రాల మధ్య ప్రాణం పెట్టి పరిగెత్తి ఆరోదిగా వచ్చింది. పరిగెత్తినవి ఏడు. ఆసామి మాట మీద నిలబడే మనిషి. వారం తిరక్కముందే గుర్రాన్ని బండికి అమ్మేశాడు. మిగతా మూడూ మామ దగ్గరికి రాలేదు.

ఇంటికి వస్తూ దారిలో అడిగాను, ఆ రెండో కొలత ఎందుకు వద్దన్నావని. ఏడుస్తూనే అడిగాను.

‘అది తీసుకోనుంటే బండ అట్లనే ఉండిపోతాది గదా పాపా. నాకు మంచిదైనాక అది వంకరని మళ్లా ఏ నోటితో సెప్పేది?’

మా అత్తకు ఆ సమాధానం చాలలేదు. నాలుగు రోజులు ఆయనతో సరిగా మాట్లాడలేదు. ఒక రోజు అన్నం పెడుతూ, ‘గెలిచినావు గదా, పోయి ఆ బండను ఎత్తుకరా, దాంతోనే కాపురం చేద్దాం’ అంది. ఆమెదీ తప్పని నేననను. ఏడాది పొడుగునా తెల్లవారుజామున లేచి ఉలవలు ఉడకబెట్టింది ఆమె కూడా. మామ మళ్లీ పందెపు గుర్రాన్ని తయారు చేయలేదు. ఎవరూ ఇవ్వలేదు. జట్కా తోలాడు, జట్కాలు పోయాక ఆటో తోలాడు. నేను చూసినంతలో ఆ రోజు గురించి పశ్చాత్తాపం గానీ గొప్ప గానీ చెప్పుకోలేదు. మరుసటి ఏడు రూళ్ల కాగితంలో ఒక వాక్యం కొత్తగా చేరింది, కొలతలు మట్టం చేసిన బండ మీదే తీయాలని. నేను చదివి వినిపిస్తే, మరోసారి చదవమన్నాడు. అంతే.

నేను బడి పంతులమ్మగా ముప్పై ఏళ్లు పనిచేశాను. జవాబు పత్రాలు దిద్దేటప్పుడు నాకు ఇష్టమైన పిల్లలకు వేసిన మార్కులనే ముందు మళ్లీ చూసేదాన్ని. అది మంచితనమని అనుకోను, భయం. నాకు నచ్చినట్టు వచ్చిన కొలత దగ్గరే నా కన్ను ఆగిపోతుందన్న భయం.

రెండేళ్ల క్రితం మా పొలాల హద్దులు మళ్లీ కొలిచారు. మా ట్రాక్టరు తగిలి ఎప్పుడో పక్కకు జరిగిన హద్దురాయిని బట్టి గీత పక్కవాళ్ల చేనులోకి నాలుగు మూరలు పోయింది. వాళ్లు గమనించలేదు. నేను చెప్పి మళ్లీ కొలిపించాను. మా వైపు రెండు కాపు మామిడి చెట్లు తగ్గాయి. మా అబ్బాయి ఇంకా అడుగుతుంటాడు, ఎవరూ అడగని దానికి నువ్వెందుకు నోరు తెరిచావని. వాడి కోపం నాకు తెలుసు. పలమనేరు దారిలో ఆ కోపంతోనే నేనూ ఏడ్చాను.

అప్పుడు మామకు ఫోను చేసి చెప్పాను. మెచ్చుకుంటాడని కొంత ఆశ లేకపోలేదు. ఆయనకు వినపడడం తగ్గిపోయింది, రెండుసార్లు చెప్పించుకున్నాడు. విన్నాక అడిగింది ఒక్కటే: ‘కొత్త రాయి లోతుగా పాతించినావా?’

పాతించలేదు. పైపైన నిలబెట్టి వచ్చాను. మర్నాడు పొద్దున్నే గడ్డపార తీసుకుని వెళ్లి, నడుముదాకా గుంత తీయించి పాతించాను.