ఏట్లో దొరికిన చక్రం

కొల్లాపూర్‌లో ఒక ప్రైవేటు బడిలో సైన్సు చెప్పే మిస్బాకు రాళ్ళ పిచ్చి. చదువుకునే రోజుల్లో కాలేజీ అద్దాల పెట్టెలో ఒక రాయిని చూసింది. అందులో గుండ్రంగా చుట్టుకున్న సముద్రజీవి ఉంది. రాక్షసబల్లుల కాలంలో బతికి, రాయిగా మారిపోయిన జీవి. అట్లాంటిది తన చేతికి ఒక్కటైనా దొరకాలని ఆశ. కృష్ణ ఒడ్డున ఉన్న బండలు అంతకంటే ఎంతో పాతవనీ, వాటిలో ఆ జీవి ఉండదనీ తెలుసు. అయినా ఎండాకాలం నీళ్ళు తగ్గగానే సంచీ పట్టుకుని బయల్దేరేది.

"రాళ్ళకైనా సెలవులియ్యవా?" అని నవ్వేవాడు భర్త ఫహీం. అతను బండ్ల మెకానిక్.

ఆ ఏడు నీళ్ళు ఎన్నడూ లేనంత వెనక్కి పోయాయి. డ్యాం కింద మునిగిన ఒక ఊరు బురదలోంచి లేచింది. కప్పుల్లేని గోడలు, గుమ్మాల్లేని వాకిళ్ళు. ఆ గోడల నడుమ మిస్బాకు నున్నటి నల్లరాయి దొరికింది. ఒకవైపు పెచ్చు ఊడిపోయింది. లోపల గీతలు గీతలుగా చుట్టుకున్న చక్రం.

అదే. సంతోషంతో దాన్ని గుండెలకు హత్తుకుంది. ఆ వెంటనే భయమేసింది. ఇది ఇక్కడ ఉండటానికి వీల్లేదు కదా!

అప్పుడే కాళ్ళ కింద చప్పుడు. గర్... గర్... భూమి లోపల ఎవరో పిండి విసురుతున్నట్టు. ఆగింది. మళ్ళీ మొదలైంది. బురదలో ఇరుక్కున్న చెప్పులు అక్కడే వదిలేసి పరుగెత్తింది.

ఆ మునిగిన ఊరి కోడలు నర్సింగమ్మ మిస్బా వాళ్ళ గల్లీలోనే ఉంటుంది. మిస్బా తెచ్చిన రాయి చూడగానే ముసలామె కొంగు పరిచి అందుకుంది.

"ఇది మా అత్త పూజగూట్ల సాలగ్రామం, బిడ్డా. ఆమె తాత ఉత్తరాన యాత్రకు పోయి తెచ్చిండంట. ఊరిడిచే ఆగంల యాడనో పడిపోయింది."

మిస్బాకు గుండె కుదుటపడింది. సాలగ్రామంలోని చక్రం ఆ జీవిదే. ఎక్కడో హిమాలయాల్లో పుట్టిన రాయి, మనుషుల చేతుల్లో ఇక్కడికొచ్చింది. తేలికపడి చప్పుడు సంగతి కూడా చెప్పింది.

నర్సింగమ్మ మొహం మారిపోయింది. "మా అత్త ఇసుర్రాయి తెస్తనంటే మామ తేనియ్యలే. కొత్త ఊళ్ళె మంచం పట్టింది. పానం పొయ్యేదాక ఒకటే మాట. నా ఇంట్ల ఎవరో ఇసురుతాండ్రు, ఇనవడ్తలేదా అని."

తెల్లారి ముగ్గురూ వెళ్ళారు. ఫహీం గడ్డపార తెచ్చాడు. మిస్బా చెప్పులు కనిపించిన చోటే చప్పుడు వస్తోంది. గర్... గర్...

నర్సింగమ్మ వంగి, మెల్లగా, "అత్తా" అని పిలిచింది.

చప్పుడు టక్కున ఆగింది.

ఫహీం దూరంగా నిలబడి గడ్డపారతో నేలను పొడిచాడు. పెళ్ళ విరిగి చెప్పులతో సహా లోపలికి కూలింది. కింద పాత గింజల పాతర, నోరు తెరిచిన చీకటి. ఏటి నీళ్ళు దాంట్లోకి ఊరుతున్నాయి. నిన్న మిస్బా నిలబడింది జానెడు మందం మట్టి మీద.

"నీళ్ళు ఊగితె లోపటి రాళ్ళు ఒరుసుకుంటానయి, గంతే" అన్నాడు ఫహీం.

"మరి పిలిస్తె ఎందుకాగింది?" అంది మిస్బా.

అతను గడ్డపార భుజాన వేసుకున్నాడు.

రాయి ఇవ్వబుద్ధి కాలేదు మిస్బాకు. అన్నేళ్ళు వెతికిన రాయి మరి. అయినా నర్సింగమ్మ చేతిలో పెట్టింది. ముసలామె దాన్ని రొంటిన దోపుకుని, గోడల వైపు తిరిగి చూడకుండా నడిచింది. రోడ్డు ఎక్కాక మాత్రం ఆగి చెప్పింది.

"మా అత్తకు చెవులు మస్తు ఇనొస్తుండె, బిడ్డా. ఎంత మెల్లగ పిలిచినా చెయ్యి ఆపి చూస్తుండె."