చింతపండుతో తోమిన పిస్తోలు

నా చిన్నప్పుడు మా ఇంట్లో బల్ల మీద మూడు రోజులపాటు ఒక పిస్తోలు ఉందంటే ఈ సింగపూర్‌లో ఎవరూ నమ్మరు. మా మనవడైతే "నో లా, అమ్మమ్మా" అని ఇక్కడి యాసలో కొట్టిపారేశాడు. నమ్మకపోతే పోనీ, నాకేం నష్టం. అది మనుషుల్ని కాల్చేది కాదు, స్కూలు ఆటల పోటీల్లో పరుగు మొదలుపెట్టించేది. గొట్టం మూసేసి ఉంటుంది. తుపాకిమందు బిళ్ళ పెట్టి నొక్కితే చప్పుడు తప్ప ఇంకేమీ రాదు. మా స్కూలువాళ్ళు దాన్ని ఏదో క్లబ్బు దగ్గర పాతదే కొన్నారు. చాలాకాలం పెట్టెలో పడి ఉండడంతో పైనంతా తుప్పు పట్టింది.

దాన్ని బాగుచేయాలంటే మా ఆటల మాస్టారికి గుర్తొచ్చింది మా తాతయ్యే. ఆ మాస్టారు మలయ్ ఆయన. వాళ్ళ భాషలో మాస్టారిని పిలిచినట్టే మేమంతా చేగు అనేవాళ్ళం. మా తాతయ్య ఇంగ్లీషువాళ్ళ రోజుల్లో పోలీసుల ఆయుధాల గదిలో చేరి, అక్కడే రిటైరయ్యాడు. తుపాకులు విప్పడం, తుడవడం, నూనె పెట్టడం ఆయన పని. విశాఖపట్నం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన కూలీ కొడుకు ఆ గదిలో అడుగుపెట్టడమే అప్పట్లో గొప్ప. ముప్ఫై ఏళ్ళలో ఒక్క తుపాకీ కూడా తన చేతిలో పాడవలేదని ఆయన చెబుతుంటే ఆ దర్జా చూసి తీరాలి. బెడోక్ పేటలో మా ఫ్లాట్ల బ్లాకంతా ఆయన్ని గన్ అంకుల్ అనే పిలిచేది.

శనివారం పోటీలనగా బుధవారం సాయంత్రం చేగు స్కూలు ఉత్తరంతో సహా పిస్తోలు తెచ్చి తాతయ్య చేతిలో పెట్టాడు. అప్పుడు నాకు పదేళ్ళు. తాతయ్య ముందుగా దాన్ని తెరిచి ఖాళీగా ఉందని చూసుకున్నాడు. తర్వాత నన్నూ చూడమన్నాడు. చప్పుడు పిస్తోలే కదా అని నేనంటే, ఏదైనా సరే చూశాకే పట్టుకోవాలన్నాడు. తుప్పు పైపైనే ఉందట, లోపలి ఇనుముకి ఏమీ కాలేదట. నల్లగా మెరిసేది ఇనుము మీది పూత. అది ఉండాలి, తుప్పు మాత్రం పోవాలి. పల్చటి నూనె రాసి నాననిచ్చి, ఒక సెంటు రాగి నాణెం అంచుతో మెల్లగా గీకితే చాలన్నాడు. రాగి ఇనుముకన్నా మెత్తన కాబట్టి గీతలు పడవు. ఇంట్లో ఆ నూనె లేదని కొనుక్కురావడానికి కిందికి వెళ్ళాడు.

ఆయన అటు వెళ్ళగానే నా బుర్రలో పురుగు తొలిచింది. పండగలకి ఇత్తడి కుందులు చింతపండుతో తోమే పని మా నాయనమ్మ నాకే అప్పగించేది. తోమడంలో నన్ను మించినవాళ్ళు లేరని నాకు మహా పొగరు. ఓస్, ఈ మాత్రం తుప్పుకి అంత నూనె ఎందుకు, తాతయ్య వచ్చేసరికి తళతళలాడించేద్దాం అనుకున్నాను. వంటింట్లోంచి చింతపండు ముద్ద తెచ్చి, చిటికెడు ఉప్పు వేసి బరబరా రుద్దాను. తుప్పు పోయింది. దాంతోపాటు పిడికి పైన రెండు వేళ్ళ వెడల్పున నల్లపూత కూడా లేచిపోయి, తెల్లటి ఇనుము బయటపడింది. గబగబా నీళ్ళతో కడిగి, తుడిచి, గుడ్డలో చుట్టిపెట్టేశాను. తాతయ్యకి కాఫీ షాపులో స్నేహితులు దొరికారు. చీకటి పడ్డాక వచ్చి, పొద్దున చూద్దాంలే అని పడుకున్నాడు. నేనూ దుప్పటి ముసుగుపెట్టాను.

పొద్దున గుడ్డ విప్పితే ఇటుకరంగు తుప్పు, ముందున్నదానికి రెండింతలు. తాతయ్య దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు, తర్వాత నన్ను చూశాడు. అంతే, నేను ఏడుపు అందుకున్నాను. ఆయన తిట్టలేదు. రెండు తగిలించినా బాగుండేది. చతికిలబడినట్టు కుర్చీలో కూర్చుండిపోయాడు. ముప్ఫై ఏళ్ళు నిలబెట్టుకున్న పేరు నా మూలాన పోయిందని ఆ మొహం చూస్తేనే తెలిసింది.

పక్కింటి అంకుల్ దగ్గర నల్లరంగు డబ్బా ఉంది, పూత పోయిన మచ్చ మీద పూసేస్తే చేగుకి తెలియదు అని సలహా ఇచ్చిందీ నేనే. తాతయ్య వెంటనే వద్దనలేదు. చాలాసేపు ఆ మచ్చనే చూస్తూ కూర్చున్నాడు. పూసేద్దామని ఆయనకీ అనిపించే ఉంటుంది. చివరికి లేచి, వంటసోడా కలిపిన నీళ్ళు తెమ్మన్నాడు.

పులుపు విరిగేలా ఆ నీళ్ళతో కడిగి, తడి లేకుండా ఆరబెట్టి, నూనె రాశాం. ఆ రోజూ మర్నాడూ స్కూలు నుంచి రాగానే నేను గీకుతూనే ఉన్నాను. నాణెం పట్టుకుని వేళ్ళు బొబ్బలెక్కాయి. గట్టిగా నొక్కితే తాతయ్య నా మణికట్టు మీద వేలుతో తట్టేవాడు. శుక్రవారం సాయంత్రానికి తుప్పంతా పోయింది. మచ్చ మాత్రం అలాగే ఉండిపోయింది.

వాళ్ళ ఆయుధాల గదిలో ఒక పద్ధతి ఉండేదట. తుపాకీ మీద చెయ్యి వేసినవాడు ఏం చేశాడో, ఏం చెడగొట్టాడో చీటీ రాసి, కింద పేరు పెట్టి, దారంతో దానికే కట్టి ఇవ్వాలి. తాతయ్య నా ముందు ఒక అట్టముక్క, పెన్సిలు పెట్టాడు.

"నువ్వేటి సేసినావో రాయి. కిందన పేరెట్టు."

ముక్కు ఎగబీలుస్తూ చింతపండు సంగతంతా ఇంగ్లీషులో రాశాను. ఆయన అట్ట అందుకుని, నా పేరు కింద తన వంకర అక్షరాలతో ఇంకో రెండు ముక్కలు రాసి సంతకం పెట్టాడు. చదివితే, "పిస్తోలు బల్ల మీద వదిలేసి బయటికి వెళ్ళింది నేను" అని ఉంది. నీ తప్పేముంది తాతయ్యా అన్నాను.

"అప్పజెప్పిన తుపాకీ కంటికి దూరం సేసినాను. నీకంటె ముందు తప్పు నాదేనమ్మా."

శనివారం స్కూలు మైదానంలో చేగు ఆ చీటీని రెండుసార్లు చదివాడు. మచ్చ మీద బొటనవేలితో రుద్ది చూశాడు. చప్పుడు వస్తుందా అని మలయ్‌లో అడిగాడు. వస్తుందన్నాడు తాతయ్య. ఇది నువ్వే రాశావా అని నన్ను అడిగితే తలూపాను. చేగు చీటీ మడిచి జేబులో పెట్టుకుని, తాతయ్యని పరుగు గీత దగ్గరికి తీసుకెళ్ళి తన పక్కన నిలబెట్టుకున్నాడు. మొదటి పందేనికి పిస్తోలు ఢామ్మని పేలింది. మైదానంలో పిల్లలంతా పరిగెత్తేవాళ్ళని చూస్తుంటే నేను మాత్రం తాతయ్యనే చూశాను. యూనిఫారం వేసుకున్నవాడిలా నిటారుగా నిలబడ్డాడు. నా ఛాతీ కూడా దానంతటదే పొంగింది.

మరుసటి ఏడు చేగు మళ్ళీ పిస్తోలు పట్టుకుని మా ఇంటికే వచ్చాడు. స్కూలువాళ్ళు ఏదో పెద్ద షాపుకి పంపుదామన్నారట. చెడగొడితే చెడగొట్టామని చెప్పేవాళ్ళ దగ్గరికే తీసుకెళ్తానని ఆయన పట్టుబట్టాడట. ఆ మాట తాతయ్యతో కాదు, వంగి నా మొహంలోకి చూస్తూ నాతో చెప్పాడు. నాకు చదువులో బహుమతులొచ్చాయి, ఉద్యోగంలో సర్టిఫికెట్లొచ్చాయి. అంత గొప్ప మాట మళ్ళీ ఎవరూ అనలేదు.

తర్వాత చాంగీ విమానాశ్రయంలో విమానాల భాగాలు పరీక్షించే పనిలో చాలా ఏళ్ళు చేశాను. నా చేతిలోనూ అవీ ఇవీ పాడయ్యాయి, కాకుండా ఎలా ఉంటాయి. వాటిలో ఒక్కటీ ఇంకొకరు కనిపెట్టింది కాదు. అన్నీ నేనే వెళ్ళి చెప్పినవి.