అడ్డంగా వచ్చిన తరంగం

1994 ఆగస్టులో నన్ను జూనియర్ ఇంజినీరుగా అమలాపురం వైర్‌లెస్ విభాగానికి వేశారు. తీగలు లాగలేని పల్లెలకు రేడియో తరంగాల మీద టెలిఫోను ఇవ్వడం మా పని. అమలాపురం టవరు మీద ఒక్కో పల్లె వైపు ఒక్కో యాంటెన్నా, పల్లెలో ఇనుప గొట్టం మీద దాని జోడీ ఉండేవి.

నేను చేరిన వారానికే ఓడలరేవు పక్కన ఒక మత్స్యకార పల్లెలో ఫోను మూగబోయింది. పదిహేను రోజులు తిరిగి కేబుల్ మార్చాను, పరికరం మార్చాను. ఫలితం సున్నా. పల్లెకు తూర్పున ఉన్న ఇనుప కట్టడాలకు తగిలి తరంగం చెదిరిపోతోందని మా డివిజనల్ ఇంజినీరుగారు తేల్చేశారు. శనివారంలోగా ‘సాధ్యం కాదు’ అని రిపోర్టు రాసి, ఫోను ఊడదీసుకు రమ్మన్నారు.

ఆ ఫోను అంగన్‌వాడీ టీచరు సత్యవతిగారి వరండాలో ఉండేది. తుపాను కబురు అందడానికి పల్లెకున్నది అదొక్కటే. “ఇది పట్టుకెళ్లిపోతే పడవలెళ్లేవాళ్లని ఎలా ఆపుతామండీ?” అన్నారావిడ.

శుక్రవారం మధ్యాహ్నం రిపోర్టులో అంకెలు నింపడానికి ఫీల్డ్ మీటరు తీశాను. దానికి మీటరు పొడవు కడ్డీ ఉంటుంది. విద్యుత్ క్షేత్రం ఊగే దిశలో పట్టుకుంటేనే అది తరంగాన్ని అందుకుంటుంది. డ్రాయింగులో నిలువు అని ఉంది కాబట్టి రోజూ నిలువుగానే పట్టుకునేవాణ్ణి. ముల్లు కదల్లేదు. చెయ్యి నొప్పెట్టి కడ్డీని అడ్డంగా దించానో లేదో, ముల్లు ఎగిరి చివరికి కొట్టుకుంది.

నాకు ఎక్కడలేని హుషారు వచ్చింది. కడ్డీని అడ్డంగానే ఉంచి చుట్టూ తిప్పాను. తూర్పు పడమరలుగా పెడితే నిండు రీడింగు, కొన ఉత్తరానికి పెడితే సున్నా. తరంగం నడిచే దారి వెంట దాని క్షేత్రం ఉండదు. అంటే తరంగం నడిచేది ఉత్తర దక్షిణాలుగా. ఉత్తరాన అమలాపురం, దక్షిణాన సముద్రం; సముద్రంలో మాకు టవరు లేదు కాబట్టి తరంగం నేరుగా అమలాపురం నుంచే వస్తోంది. తూర్పున ఉన్న ఇనుముకు ఇందులో ఏ పాపమూ లేదు. ఫ్రీక్వెన్సీ నూటయాభై మెగాహెర్ట్జ్, కాంతి వేగాన్ని దాంతో భాగిస్తే అల పొడవు రెండు మీటర్లు. అయస్కాంత క్షేత్రం ఈ రెండు దిశలకూ లంబం, అంటే నిట్టనిలువు. బలానికీ కొదవ లేదు. టవరు ఎక్కకుండానే పైన యాంటెన్నా పడుకుని ఉందని తెలిసిపోయింది.

స్పానర్‌తో పల్లె యాంటెన్నాను కూడా అడ్డంగా తిప్పాను. సత్యవతిగారు రిసీవరు చెవిన పెట్టుకుని, “వస్తందండీ, వస్తంది” అంటూ ఎంతకీ కింద పెట్టలేదు. ఆవిడ దగ్గర తీసుకుని అమలాపురానికి చేసి, ఆ నెలలోనే టవరుకు రంగు వేసిన రిగ్గరు, అంటే టవర్లెక్కి యాంటెన్నాలు బిగించే సూర్యంగారిని ఫోను దగ్గరికి పిలిపించాను.

“ఆయ్, నేనే పడుకోబెట్టేనండి. రంగేస్తుంటే అదొక్కటే నిలబెట్టుంది, ఎవరో తప్పు కట్టేరనుకున్నానండి. మన ఊళ్లల్లో టీవీ యాంటెన్నాలన్నీ పడుకునే ఉంటాయి కదండీ,” అన్నాడాయన. సగం కోనసీమ డాబాల మీద యాంటెన్నాలు కట్టిన చెయ్యి అది.

పాత రిజిస్టరుతో పోల్చితే సిగ్నలు ముందుకన్నా బాగుంది. నిలువు కొబ్బరి మానులు నిలువు తరంగాన్నే ఎక్కువ మింగుతాయి. రెండింటినీ అడ్డంగానే ఉంచాలని రిపోర్టు రాశాను. డివిజనల్ ఇంజినీరుగారు రెండుసార్లు చదివి సంతకం పెట్టారు.

యాంటెన్నాను ఎలా కట్టాలనుకున్నామో డ్రాయింగు చెబుతుంది. ఎలా కట్టి ఉందో క్షేత్రం చెబుతుంది, కడ్డీని అన్ని వైపులా తిప్పి చూస్తే. సూర్యంగారు చేసిన తప్పు మొదటి రోజే కనిపించాల్సింది. ఆ పల్లెను పదిహేను రోజులు మూగగా ఉంచింది నేను.