అన్నయ్య వేసిన తాళం

లాప్‌టాప్‌లకు తాళాలు వేయడం నా ఉద్యోగం. న్యూ టౌన్‌లోని మా ఆఫీసుకి కొత్త మిషన్ ఏది వచ్చినా, తాళం లేనిదే ఎవరూ చదవలేకుండా డిస్కు మొత్తం ఎన్‌క్రిప్ట్ చేశాకే మనిషి చేతికిస్తాను. విండోస్ అయినా మాక్ అయినా, వాడేవాడు పాస్‌వర్డ్ మరిచిపోతాడని ముందే తెలుసు కనక, మారుతాళం లాంటి రికవరీ కీ ఒకటి ఆఫీసులో దాచి ఉంచుతాం. తల గోక్కుంటూ వచ్చినవాడికి నాలుగు చివాట్లు పెట్టి తెరిచిస్తాను.

అన్నయ్య సొంత లాప్‌టాప్‌లో లినక్స్. మొండితనంలో నన్ను మించినవాడు. పాస్‌వర్డ్ అయితే ఎవడైనా కనిపెట్టేస్తాడని, డిస్కు తెరిచే తాళాన్ని చిన్న పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్నాడు. అది గుచ్చితేనే లాప్‌టాప్ లేచేది. ఇంటి తాళాల గుత్తికే తగిలించుకుని తిరిగేవాడు. ఇంకో కాపీ పెట్టుకోమంటే నవ్వేవాడు. అమ్మ హౌరా దగ్గర లిలువా రైల్వే క్వార్టర్స్‌కి కోడలిగా వచ్చిన రోజుల గురించి అడిగి, తన ప్రశ్నలతో సహా ఆ కబుర్లన్నీ ఫోన్లో రికార్డు చేసి, లాప్‌టాప్‌లోకి ఎక్కించి, ఫోన్లోంచి తుడిచేసేవాడు.

గుండెపోటుతో పోయాడు. పోయినప్పుడు ఒంటి మీదున్నవి ఇంట్లో ఉంచకూడదని, చొక్కా, వాచీ, జేబులోని తాళాల గుత్తి అమ్మే తన చేత్తో మూటగట్టింది. పదో రోజున హౌరా ఘాట్‌లో గంగలో వదిలాం. ఆ ఏడుపుల్లో మూట ఎవరూ విప్పి చూడలేదు.

నెల తిరక్కుండానే అమ్మ అడిగింది.

"ఆడి గొంతు ఓపాలి ఇనిపించరా. ఆ లాప్‌టాప్‌లో ఉందన్నాడు కదా."

చేతనైనదంతా చేశాను. డిస్కు ఊడదీసి వేరే మిషన్‌కి తగిలించాను. దానికి ఏ జబ్బూ లేదు. మాటలన్నీ అందులో భద్రంగా ఉన్నాయి. తాళం లేనివాడికి మాత్రం అదంతా ఉత్త చెత్త. ఆ తాళం పద్ధతి తయారుచేసినవాడు కూడా తెరవలేడు. అదే దాని గొప్ప అని ఇన్నేళ్లూ ఆఫీసులో అందరికీ చెప్పినవాణ్ణి నేనే. ఆ రోజు ఆ గొప్ప తలుచుకుంటే ఒళ్లు మండిపోయింది.

తాళం ఎటు పోయిందో అమ్మకి చెప్పలేదు. చెప్పను కూడా. డిస్కు పాడైపోయిందన్నాను.

అమ్మ నెమ్మదిగా అంది.

"ఫోన్లో మీ ఇద్దరి గొంతూ ఒక్కలాగే ఉండేదిరా. ఆడు పిలిసినట్టు ఓపాలి పిలు."

"అమ్మా" అన్నాను.

అమ్మ కళ్లు మూసుకుని, "ఇంకోపాలి" అంది.