బొట్టు పెట్టించుకోని తెల్ల కుక్క

ఆ వార్త నాకు మొదట మోసుకొచ్చింది మా పక్కవాటా వదిన. గన్‌ఫౌండ్రీలో మా ఇంటి మెట్ల మీద, చేతిలో కూరల సంచి దించకుండానే మొదలుపెట్టింది.

"మీ నాంపల్లి కుక్కల షెల్టర్ల తెల్లది లేదూ, అది ఎవరో పెద్దామె చెయ్యి కొరికిందంట. గాడ ఊడ్చే ఆమె మార్కెట్ల కలిసి చెప్పింది. అది పిట్‌బుల్ అని నేనెప్పుడో అన్న, నువ్వే ఇనలే."

"అది పిట్‌బుల్ కాదు వదినా."

"కాకుంటే గంత తలకాయ ఏంది మరి? ఎవరో ఫామ్‌హౌస్ ఆయన రేపు పొద్దుగూకినంక వచ్చి తీస్కపోతడంట. పీడ పోతది. ఫికర్ చెయ్యకు."

ఆమె నా మంచికే చెప్పింది. కానీ ఆ సాయంత్రం దీపం పెట్టి కూర్చున్నానే గానీ మనసు కూర్చోలేదు. చదివిన నామమే మళ్లీ చదువుతున్నాను. లేచి పొయ్యి దగ్గరికి పోయాను, ఎందుకు పోయానో తెలియక తిరిగొచ్చాను.

నేను బడికి పోలేదు. చిన్నప్పుడు ఒంట్లో బాగుండేది కాదు, అమ్మే ఇంట్లో చదువు చెప్పింది. అందుకని నలుగురి మధ్య నిలబడి ఏదైనా నేర్చుకోవాలంటే నాకు బెరుకు. ఆ బెరుకు పోగొట్టింది షెల్టర్ చూసుకునే మేడం. కుక్కల గిన్నెలు కడగడానికి వెళ్లిన నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, వాటిని చూడటం నేర్పింది. నేను పామరేనియన్ అనుకున్నది స్పిట్జ్ అని ఆమె చెబితేనే తెలిసింది. అయితే జాతి పేరుతో ఆగిపోవద్దనేది. తోక ఎక్కడుంది, చెవులు ఎటున్నాయి, మాటిమాటికీ ఆవలిస్తోందా, మూతి నాక్కుంటోందా చూడమనేది. నిద్ర రాకపోయినా ఆవలించే కుక్క భయపడుతోందని అర్థమట. ఈ వయసులో నాకో గురువును ఇచ్చినందుకు దేవుడికి రోజూ దండం పెట్టుకుంటాను.

తెల్లదాన్ని ఆబిడ్స్‌లో మూసేసిన ఒక దుకాణం షట్టరుకు కట్టేసి పోయారు. అది వచ్చిన నాటి నుంచి ఎవరికీ అంతుపట్టలేదు. పేరు పెట్టి పిలిస్తే తల తిప్పదు. ఎదురుగా వెళితే ఒళ్లంతా ఊపుతుంది, వెనకనుంచి తాకితే మాత్రం పళ్లు చూపిస్తుంది. "జాతి గుణం" అన్నారు కొందరు. "పొగరు" అన్నారు మరికొందరు. తిండివేళ పళ్లెం మోగిస్తే కుక్కలన్నీ పరుగెత్తుకొచ్చేవి, అది మాత్రం మిగతావాటి తర్వాత వచ్చేది. దానికి తిండి మీద యావ లేదనుకున్నాం.

బహుళాష్టమి నాడు మా షెల్టరుకు భక్తులు వస్తారు. భైరవస్వామి వాహనమని కుక్కలకు రొట్టెలు పెట్టి, నుదుట బొట్టు పెట్టి, దండం పెట్టుకుంటారు. బేగం బజార్‌లో మసాలా దినుసుల కొట్టున్న పెద్దమ్మ కూడా అలాగే వచ్చింది. తెల్లది రొట్టె తింటుంటే వెనకనుంచి వంగి కుంకుమ వేలు ముందుకు చాచింది. అది గిర్రున తిరిగి చెయ్యి పట్టేసింది.

ఆమె కొడుకు ఫిర్యాదు చేస్తానని గొడవపడ్డాడట. షెల్టర్ నడిపే పెద్దలు భయపడ్డారు. ఫామ్‌హౌస్ ఆయన కరిచే కుక్కే కావాలని ఎప్పటినుంచో అడుగుతున్నాడు. గేటు పక్కన గొలుసుకు కడతాడు, విప్పడు. ఆ సంగతి అందరికీ తెలుసు.

మర్నాడు పొద్దున్నే నడుచుకుంటూ నాంపల్లి వెళ్లాను. తెల్లదాన్ని వేరే గదిలో పెట్టారు. గోడకు మొహం పెట్టి పడుకుంది. ఇనుప జాలీ తలుపు బయట కూర్చుని, ఏం చెయ్యాలో తోచక, చేతనైన స్తోత్రం చదువుకుంటూ ఉన్నాను. అంతలో పక్కనున్న వెల్డింగ్ దుకాణం షట్టరు ధడేలున పడింది. నేను ఉలిక్కిపడ్డాను. షెల్టరులోని కుక్కలన్నీ ఒక్కసారి మొరిగాయి. తెల్లదాని పక్కటెముకలు మాత్రం అదే నెమ్మదితో లేచి పడుతున్నాయి. చెవి కొన కూడా కదలలేదు.

మేడంను పిలుచుకొచ్చాను. ఆమె చప్పట్లు కొట్టింది, ఈల వేసింది, దాని వెనక పళ్లెం మోగించింది. ఏమీ లేదు. నేల మీద కాలు గట్టిగా వెయ్యగానే మాత్రం లేచి కూర్చుని మా మొహాలు చూసి తోక ఊపింది. డాక్టరు వచ్చి చూసి, ఒళ్లంతా తెల్లగా పుట్టినవాటిలో కొన్నిటికి పుట్టు చెవుడు ఉంటుందని చెప్పారు.

"ఇన్ని రోజులు నేను తోకలు చూడమని చెప్పుడే అయింది" అని మేడం దాని పక్కనే నేల మీద కూర్చుండిపోయింది. మళ్లీ ఆమే, "ఇది తెలిసినా పెద్దలు ఒప్పుకోరు. కరిపించుకున్నామె సరే అంటే తప్ప" అంది.

ఆటో ఎక్కి బేగం బజార్ పోయాను. మిరపకాయల ఘాటుకు మెట్ల మీదే తుమ్ములు. పైన గదిలో పెద్దమ్మ కట్టు కట్టిన చెయ్యి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"నొప్పికి కాదు బిడ్డా నా ఏడుపు" అంది. "సామి వాహనం గదా. బొట్టు పెట్టబోతే చెయ్యి పట్టె. నీ చేతి పూజ నాకొద్దని సామి చెప్పినట్టే గదా? రాత్రంత గిదే. ఏం తప్పు చేసిన్నో ఏమో."

"అది మీరొచ్చింది ఎరగదు పెద్దమ్మా. దానికి చెవుడు. పుట్టుకతోనే."

ఆమె నన్ను తేరిపార చూసింది. "నేను మంత్రం చదువుకుంటనే పోయిన గదా?"

"అది కూడా వినపడలేదు."

పెద్దమ్మ మొహం మెల్లగా విచ్చుకుంది. తర్వాత నవ్వు ఆగలేదు. "అయితే సామి నన్ను కాదన్లే!" అప్పుడే ఫామ్‌హౌస్ ఆయన సంగతి, ఆమె సరే అంటే తప్ప కుక్క దక్కదన్న సంగతి చెప్పాను.

కొడుకు గుమ్మంలోంచి, "నవ్వుతున్నవా అమ్మా? ఇంకా సూదులున్నయ్ నీకు" అన్నాడు.

"సూదులు నాకురా, నీకు కాదు. నేను పిలిస్తె నువ్వు గూడ పలకవు, నిన్ను ఫామ్‌హౌస్‌కి తోలిన్నా? చెప్పులియ్యి."

మేము చేరేసరికి ఫామ్‌హౌస్ ఆయన గొలుసుతో సహా వచ్చి ఉన్నాడు. చెవుడు సంగతి మేడం చెప్పేసింది. ఆయన చలించలేదు.

"చెవులు లేకుంటే ఏంది మేడం? పండ్లున్నయ్ గదా. నాకు కావాల్సినయ్ గవే."

పెద్దమ్మ కట్టు కట్టిన చెయ్యి ఆయన ముందు పెట్టింది. "గా పండ్లు పడ్డది గీడ. నేనిస్తలేను."

"నీ కుక్కనా పెద్దమ్మా?"

"ఔ. నాదే. ఉండుడు గీడ, రొట్టెలు నావి."

షెల్టర్ పెద్దలకు ఫోన్ చేసి అదే మాట చెప్పింది. వాళ్లకూ కావాల్సింది ఆ మాటే. ఆయన గొలుసు చుట్టుకుని బండెక్కాడు.

ఆ తర్వాత ఆమె వారం వారం వచ్చేది. దూరంనుంచే కనబడేలా ఎదురుగా వచ్చి, నేల మీద కాలు తట్టి, రెండు చేతులు జోడించి, అప్పుడు రొట్టె పెట్టేది. బొట్టు మాత్రం జాలీ తలుపుకు పెట్టేది. తెల్లదానికి నమస్కారమంటే రొట్టె అని అర్థమైపోయింది. ఎవరొచ్చి మేడంకు నమస్తే పెట్టినా పరుగెత్తుకొచ్చి ముందు కూర్చునేది. మేడం పరువు పోయేది, మేం పడీ పడీ నవ్వేవాళ్లం.

పోయిన నెల ఆమె కొట్టు మెట్ల మీద జారి పడింది. తుంటి ఎముక విరిగింది. దవాఖానలో ఉంది, ఆపరేషన్ అయినా జ్వరం దిగడం లేదు. ఇప్పుడు రొట్టెలు కొడుకు తెస్తున్నాడు, కాలు తట్టి, చేతులు జోడించి మరీ పెడుతున్నాడు. తెల్లది రొట్టె తిని ఆయన వెనక గేటు వైపు చూస్తుంది. నాకు అక్కడ నిలవాలనిపించదు, ఇంటికి పోతే ఇంట్లో ఉండాలనిపించదు. దవాఖానకు పోతే లోపలికి పంపరు.

అందుకే ఇది రాస్తున్నాను. మీరు ఏ దేవుణ్ణి కొలిచేవారైనా సరే, ఈ రోజు చేతులు జోడించినప్పుడు బేగం బజార్ పెద్దమ్మను ఒక్కసారి తలుచుకోండి.